దస్రు మోసిన తలుపు

టేకులపల్లి సెంటర్లో ప్రభుకు ఫోటో స్టూడియో ఉంది. పద్నాలుగేళ్లుగా పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, చర్చి కూడికలు తీసుకుంటూ బతుకుతున్నాడు. పెళ్లికూతురు విడిది నుంచి మండపం దాకా వస్తుంటే ఆమె ముందు వెనక్కి నడుస్తూ, ఎక్కడా కాలు తడబడకుండా, బొమ్మ కదలకుండా తీస్తాడని అతనికి పేరు. ఆ పేరు వినే శాంతికుమార్ సార్ ఒకనాడు స్టూడియోకి వచ్చాడు.

శాంతికుమార్ హైస్కూల్లో తెలుగు టీచరు. యాభై రెండేళ్ల మనిషి. పిల్లల చేత నాటకాలు వేయించడం ఆయనకు పిచ్చి. ఇప్పుడు తను రాసిన నాటకాన్ని సినిమాగా తీయాలనుకుంటున్నాడు. వాగు పొంగి ఇల్లు కూలిపోతే, ఒక తండా కుటుంబం మిగిలిన సామాన్లు మోసుకుని రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి వలసపోతుంది. ఇంటి పెద్దాయన మాత్రం ఆ ఇంటి తలుపును వీపున కట్టుకుని మోసుకొస్తాడు. బస్సులోకి తలుపు ఎక్కించనివ్వరు. తలుపు వదిలి ఆయన ఎక్కడు. బస్సు వెళ్లిపోతుంది. అంతే కథ.

"నలభై మూడు నిమిషాలు ప్రభూ. మధ్యలో కట్ లేదు. ఇంటి కాడ కెమెరా ఆన్ జేస్తే మళ్ల రోడ్డు కాడనే బంద్ చేసుడు."

"ఎందుకు సార్ గంత కష్టం? ముక్కలు ముక్కలు తీసి అతికిద్దాం. ఎవలకు తెల్వదు."

"ఇల్లు ఇడిచి పోయేటోనికి కట్ ఉంటదా? ఒక్క బిగిన నడవాల్సిందే. చూసేటోడు గూడ గట్లనే నడవాలె."

ప్రభుకు ఆ మాట నచ్చింది. పద్నాలుగేళ్లలో ఎవరూ అతనితో కెమెరా గురించి అట్లా మాట్లాడలేదు. పెళ్లివాళ్లందరిదీ ఒకటే మాట, అన్నా, మా వదిన మెడలో హారం మంచిగ పడాలె అని. ఒప్పుకున్నాడు.

భద్రాచలం పోయే రోడ్డుకు రెండు కిలోమీటర్ల లోపల, అడవి అంచున ఒక తండా చూసుకున్నారు. అక్కడ కళ్యాణి అని సార్ పాత శిష్యురాలు ఉంది. అంగన్‌వాడీ టీచరు. ఆమె కోడలి వేషం కట్టడానికి ఒప్పుకుంది. కొడుకు వేషానికి వాళ్ల పక్కింటి జైరాం. పెద్దాయన వేషానికి ఎవరిని వెతకాలా అని సార్ తల పట్టుకుంటే, కళ్యాణి తండ్రి దస్రు గడప మీద కూర్చుని అన్నీ విని, "నేను పనికిరానా సారూ?" అన్నాడు.

అరవై మూడేళ్ల మనిషి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉంటాడు. మూడెకరాల పత్తి చేను సొంతంగా దున్నుకుంటాడు. కెమెరా ముందు ఎప్పుడూ నిలబడలేదు. కానీ సార్ ఒకసారి నడిచి చూపించమంటే, వాకిలి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ఆ నడకలో ఏముందో గాని సార్ ఇంకెవరినీ వెతకలేదు. దస్రు భార్య సక్రి మాత్రం పొయ్యి దగ్గర నుంచి నవ్వింది. "ఈ వయసుల హీరో అయితడంట!" అంది.

సార్ ఆరు రోజులు సెలవు పెట్టాడు. నవంబరు నెల. బస్సు సాయంత్రం నాలుగూ యాభైకి ఆ మలుపు దగ్గరికి వస్తుంది. ఆ తర్వాత ఇంకోసారి నడవడానికి వెలుగు చాలదు. అంటే రోజుకు ఒక్కటే టేక్. నాలుగూ పదికి ఇంటి ముందు మొదలుపెట్టాలి. పత్తి చేల మధ్య నుంచి నడిచి, మోకాలి లోతు వాగు దాటి, గట్టెక్కి, టేకు చెట్ల కిందుగా రోడ్డు చేరాలి. ఫ్రేములో బండి కనబడకూడదని సార్ కారునూ, జైరాం ఆటోనూ తండా అవతల దాచిపెట్టారు.

మొదటి రోజు వాగు దగ్గర ఎవరో మేకలు తోలుకొచ్చి, కెమెరాను చూసి, "ఏం సిన్మా?" అని గట్టిగా అడిగారు. ఇరవై రెండో నిమిషంలో టేక్ పోయింది. రెండో రోజు జైరాం మాట మరిచిపోయి నవ్వాడు. మూడో రోజు అన్నీ కుదిరి రోడ్డు చేరితే, బస్సు అప్పుడే మలుపు తిరిగిపోతూ వెనక దుమ్ము మాత్రం కనిపించింది. ఆ దుమ్ములో అందరూ సామాన్లు మోసుకుని అట్లాగే నిలబడిపోయారు. సార్ రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

ఆ రాత్రి కెమెరా కార్డులో చోటు కోసం పోయిన టేక్‌ను చెరిపేశాడు ప్రభు. ముందు రెండు రోజులవి కూడా అట్లాగే చెరిపేశాడు. ఉంచుకుని ఏం చేస్తారు?

నాలుగో రోజు వాగు గట్టు మీద గాలి లేచింది. దస్రు వీపున ఉన్నది ప్లైవుడ్‌తో చేయించి రంగు వేసిన తలుపు. గాలికి అది అట్టముక్కలా టపటపా కొట్టుకుంది. టేక్ ఆపేశారు. అందరూ చుట్టూ చేరి చూస్తుంటే ప్రభే అన్నాడు.

"సార్, గాలి సంగతి అటుంచు. నాకు మొదటి రోజు నుంచి మనసున పడ్తలేదు. బరువు లేదని కెమెరాకు తెలుస్తది. దస్రు కాక ఎంత వంగి నడిచినా తెలుస్తది."

దస్రే తల ఊపాడు. "అవ్, నిజమే. మా ఇంటి తలుపే ఉండె గద. టేకుది. మా నాయన కోయించిండు. అది కడదాం."

"బరువైతది కాకా," అన్నాడు సార్.

"పత్తి బోరాలు మోసిన వీపు సారూ ఇది."

మర్నాడు పొద్దున్నే దస్రు, జైరాం కలిసి బందులు ఊడదీసి తలుపు దింపారు. ఒంటిరెక్క తలుపు. నల్లబడి, నూనె పట్టి, గొళ్లెం దగ్గర చేతుల రాపిడికి నున్నగా ఉంది. ఇద్దరు పట్టుకుని లేపారు. సక్రి గుమ్మానికి పాత చీర కట్టింది. ఐదో రోజు టేక్ ప్రభు తప్పుతోనే పోయింది. వాగులో పాచి రాయి మీద కాలు జారి, కెమెరా నీళ్లకు జానెడు ఎత్తున ఆగింది. కాని అప్పటిదాకా వచ్చిన బొమ్మను సార్ ఫోనులో చూసుకుని కళ్లు తుడుచుకున్నాడు. తాడు భుజాలను కోస్తుంటే దస్రు నడుస్తున్న నడక అది. "ఇదే ప్రభూ. నేను రాసింది ఇదే," అన్నాడు.

ఆరో రోజు అందరినీ నిలబెట్టి సార్ ఒకటే మాట చెప్పాడు. "రేపు నేను స్కూలుకు పోవాలె. ఇయ్యాల కాకుంటే ఇంక కాదు. ఏం జరిగినా ఆగొద్దు. కాలు జారినా, మాట మరిచినా, నడుస్తనే ఉండాలె. నేను కట్ అనేదాక ఎవ్వరు ఆగొద్దు."

"ఆగం సారూ," అన్నాడు దస్రు అందరి కంటే ముందు.

ఆ రోజు అన్నీ కుదిరాయి. అట్లాంటి రోజు ఎప్పుడో గాని రాదు. ఎండ ఏటవాలుగా పత్తి మీద పడింది. జైరాం మాట తప్పలేదు. కళ్యాణి చేను గట్టున వెనక్కి తిరిగి ఇల్లు చూసిన చూపుకు, వెనక్కి నడుస్తున్న ప్రభుకు ఒళ్లు జలదరించింది. వాగు దాటారు. ప్రభు కాలు జారలేదు. అతని వెనకాల సార్ చేతిలో చిన్న తెర పట్టుకుని, చప్పుడు కాకుండా చెప్పులు విప్పేసి నడుస్తున్నాడు.

ఇరవై ఏడో నిమిషం. గట్టు ఎక్కి పైకి వచ్చాక దస్రు ఎడమ చెయ్యి తాడు మీద నుంచి జారి వేలాడింది.

ప్రభు చూశాడు. తెరలో మొహం పెద్దగా ఉంది. బూడిద పూసినట్టు తెల్లబడిన మొహం. చెమట నుదుటి మీద కాదు, పెదవి పైన, గడ్డం కింద, చెవుల పక్కన ధారలు కట్టింది. ఎంత బాగా చేస్తున్నాడు కాక అనుకున్నాడు మొదట. అది అనుకున్న క్షణంలోనే కాదని తెలిసింది. దస్రు కెమెరాలోకి చూశాడు. ఆరు రోజులుగా, అటు చూడొద్దు కాకా అని చెప్తూ వచ్చారు. ఒక్కసారి కూడా చూడని మనిషి, ఇప్పుడు నేరుగా చూశాడు. కెమెరాను కాదు, దాని వెనక ఉన్న ప్రభును చూశాడు.

అక్కడ కెమెరా జైరాం మీదికి తిరగాలి. మూడో రోజూ తిప్పిన చోటే అది. ప్రభు తిప్పాడు.

తిప్పినందుకు కొంచెం తేలికగా కూడా అనిపించింది. జైరాం తన మాట చెప్పుకుంటూ నడిచాడు. నలభై సెకండ్లు. మళ్లీ తిప్పితే దస్రు నడుస్తూనే ఉన్నాడు. నడుస్తున్నాడు కదా అనుకున్నాడు ప్రభు. ఇంకో పదహారు నిమిషాలే కదా. సార్ చేతిలో ఉన్న చిన్న తెరలో అంత తేటగా కనబడదు; చెబుదామంటే నోరు తెరిస్తే చాలు, మైకుల్లో పడుతుంది. సైగ చేద్దామంటే రెండు చేతులూ కెమెరా మీదే ఉన్నాయి. ఇట్లా ఒక్కొక్క కారణమూ అతనికి తోడు వచ్చింది. టేకు చెట్ల కింద దస్రు కళ్యాణి వైపు వంగి వాళ్ల లంబాడీ భాషలో ఏదో అన్నాడు. ఆమె కూడా అదే భాషలో ఏదో అని, ఆయన మోచెయ్యి పట్టుకుంది. రాసుకున్న దాంట్లో అది లేదు. బాగుంది అనుకున్నాడు ప్రభు.

బస్సు నాలుగూ యాభైకి సరిగ్గా వచ్చింది. కండక్టరుకు ముందే చెప్పి ఉంచారు. "తలుపు ఎక్కదు పెద్దాయనా," అన్నాడు అతను, అచ్చం రోజూ ప్రయాణికులతో అనే మాటలాగే. జైరాం ఎక్కాడు. కళ్యాణి ఎక్కింది, కిటికీలోంచి చూసింది. కథ ప్రకారం ఆమె ఏడవాలి, ఏడ్చింది. బస్సు కదిలింది. వాళ్లిద్దరూ వచ్చే స్టేజీలో దిగి నిలబడాలని ఏర్పాటు.

దస్రు రోడ్డు పక్కన కూలబడి, తలుపుకు ఆనుకుని కూర్చున్నాడు. కెమెరా దగ్గరికి పోవాలి. ప్రభు పోయాడు. మొహం ఫ్రేము నిండా వచ్చింది. తొంభై సెకండ్లు అట్లాగే ఉండాలి. దస్రు కళ్లు బస్సు పోయిన దిక్కునే ఉన్నాయి. నోరు కొంచెం తెరుచుకుంది. ఛాతీ ఒకసారి లేచింది. ప్రభు చేతులు వణకలేదు. ఆ సంగతి తర్వాత చాలా రోజులు అతనికి గుర్తుకొచ్చేది. చేతులు కొంచెం కూడా వణకలేదు.

"కట్!" అని సార్ అరిచాడు. పరుగున వచ్చి ప్రభును వెనక నుంచి వాటేసుకున్నాడు. "అయిపోయింది రా! అయిపోయింది!" మొదటిసారి అతన్ని రా అన్నాడు. "కాకా, లెవ్వు ఇంక! దస్రు కాకా!"

దస్రు లేవలేదు.

తాళ్లు కోసి తలుపు పక్కకు తోశారు. కింద పడుకోబెట్టి ప్రభు ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి ఒత్తాడు. ఎట్లా ఒత్తాలో సరిగ్గా తెలియదు, ఎప్పుడో ఫోనులో చూసిన గుర్తు. ఊపిరి సన్నగా ఆడుతోంది. ఫోనులో సిగ్నల్ లేదు. సార్ ఒట్టి కాళ్లతోనే తండా వైపు పరుగెత్తాడు, ఆ నడిచి వచ్చిన దారంతా, వాగు దాటి, చేలు దాటి, కారు కోసం. రోడ్డు మీద ఒక్క బండీ రాలేదు. వచ్చిన ఒక్క బస్సు పోయింది. పావుగంటకు పత్తి దింపి వస్తున్న ఖాళీ ట్రాక్టరు కనిపిస్తే ప్రభు రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు.

తర్వాతి స్టేజీలో కళ్యాణి, జైరాం నవ్వుకుంటూ నిలబడి ఉన్నారు. ట్రాలీలో ఉన్నదెవరో చూసి కళ్యాణి నవ్వు ఇంకా మొహం మీద ఉండగానే ఎక్కింది. తండ్రి తల ఒళ్లో పెట్టుకుంది. ఏమైందని ప్రభును అడగలేదు. దవాఖానా చేరేసరికి చీకటి పడింది. డాక్టరు చూసి, "ఒక్క అరగంట ముందు తెచ్చినా ఏమన్న చేసేటోళ్లం," అన్నాడు. కారులో వెనకే వచ్చిన శాంతికుమార్ ఆ మాట విని అక్కడే గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. ఆయన పాదాలు రెండూ కోసుకుపోయి రక్తం కారుతున్నాయి.

తండాలో ఎవరూ వాళ్లను ఒక్క మాట అనలేదు. పెద్ద మనిషి, గుండె ఆగిందన్నారు. చేలో ఆగినా ఆగేదే అన్నారు. ఎవరైనా కాలరు పట్టుకుని కొడితే బాగుండునని ప్రభు ఎదురుచూశాడు. ఎవరూ కొట్టలేదు. సార్ మాత్రం ఫోను చేసి, "దాన్ని చెరిపెయ్ ప్రభూ. నాకు చూపియ్యకు. నేను బతికున్నన్ని రోజులు ఇంక ఏం తియ్య," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఫోను ఎత్తలేదు.

ప్రభు చెరపలేదు. నాలుగు రోజుల తర్వాత కళ్యాణి స్టూడియోకి వచ్చింది. షట్టరు సగం దించమంది.

"అన్నా, అందుట్ల మా మాటలు పడ్డయా? చెట్ల కింద నాయన నాతోని అన్నయి?"

"పడ్డయి. నాకు మీ భాష రాదు గద చెల్లే. ఏమన్నడు?"

కళ్యాణి కౌంటరు మీద అద్దాన్ని గోటితో గీకింది. "ఛాతిల పట్టేసినట్టున్నది బిడ్డా, తలుపు దించుత అన్నడు. నేను ఏమన్ననో ఎరుకేనా? ఇంక కొంచెమే నాయనా, దగ్గరికొచ్చినం, ఓర్చుకో అన్న. సార్ ఏమనుకుంటడో అని. ఆరు రోజుల కష్టం పోతదేమోనని."

ప్రభు కౌంటరు ఇవతలికి వచ్చాడు. నేనూ చూశాను, నీ కంటే ముందే చూశాను, నా వైపే చూశాడు మీ నాయన అని చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. చెబితే ఆమె మీద బరువు కొంత దిగుతుందేమో. లేక తండ్రిని బతికించుకోగల ఇద్దరు మనుషులు పక్కపక్కనే నడిచారని తెలిసి ఇంకా కుంగిపోతుందేమో. అతను అట్లా తూచుకుంటుండగానే ఆమె మళ్లీ మాట్లాడింది.

"మా అమ్మ చూస్త అంటున్నది. నాయన వీడియో ఇంకోటి లేదు మా ఇంట్ల. ఆ మాట అమ్మ ఇనొద్దన్నా. తీసెయ్. నీ కాళ్లు మొక్కుత."

"అట్లనకు. తీసేస్త."

ఆమె పోయాక కూర్చుని తీసేశాడు. ఏడు సెకండ్లు. తండ్రి గొంతు, కూతురి గొంతు. ఆ చోట ఇప్పుడు ఏ చప్పుడూ లేదు, ఆకుల చప్పుడు కూడా లేదు. తన సంగతి కళ్యాణికి చెప్పకుండానే ఆ రోజు పోయింది, ఆ తర్వాత రోజూ పోయింది.

పన్నెండో నాడు లాప్‌టాప్ పట్టుకుని తండాకు పోయాడు. సక్రి గోడకు ఆనుకుని కూర్చుంది. పదేళ్ల వయసు ఒక్కసారిగా మీద పడ్డట్టుంది. నలభై మూడు నిమిషాలూ రెప్ప వాల్చకుండా చూసింది. తమ చేను వచ్చినప్పుడు వేలితో చూపించింది. వాగులో దస్రు అడుగు తడబడ్డప్పుడు "మెల్లగ," అంది తెరతో. గట్టు మీద ఆయన కెమెరాలోకి చూసిన చోట ప్రభు తల దించుకున్నాడు. సక్రి చూస్తూనే ఉంది. టేకు చెట్ల కింద మాత్రం ఆపమంది.

"ఈడ నోరు మెదులుతున్నది గద. మాట రాదేంది?"

గుమ్మం దగ్గర నిలబడ్డ కళ్యాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మైకు పోయిందమ్మా," అన్నాడు ప్రభు. "ఆడ కొంచెంసేపు పోయింది."

"ఏమన్నవే నాయనతోని?" అని కూతురిని అడిగింది.

"ఏం లేదమ్మా. నాటకంల మాటనే."

సక్రి కూతురి మొహం చూసింది. ఇంకేమీ అడగలేదు. చివరిదాకా చూసి, అయిపోయాక, "ఫోటో కావాలె బిడ్డా. గోడకు పెట్టుకుంటం. ఆధార్ కార్డుల బొమ్మ మంచిగ లేదు," అంది.

ప్రభు దానికి సిద్ధపడే వచ్చాడు. మొదటి నిమిషంలో, తలుపు ఇంకా వీపుకు ఎక్కకముందు, దస్రు వాకిట్లో నిలబడి తలపాగా సర్దుకునే చోటు ఒకటి చూసి పెట్టుకున్నాడు. అది చూపించాడు. సక్రి తల అడ్డంగా ఊపింది.

"మొహం చిన్నగున్నది. ఆఖర్ల మంచిగ కనిపించింది చూడు, దగ్గరకెళ్లి. అది తియ్యి."

"అమ్మా, అది వద్దు. వేరేది తీస్త. ఆడ కాక అలిసిపోయిండు."

"అలిసిపోతే ఏమాయె? అలిసిపోకుండ ఎన్నడున్నడు ఆయన?" అంది సక్రి. తెర మీద ఆగిపోయిన భర్త మొహాన్ని అరచేత్తో తాకింది. "చేనుకెళ్లి వచ్చినంక గట్లనే కూసుంటుండె."

కళ్యాణి గుమ్మం వదిలి బయటికి వెళ్లిపోయింది.

ప్రభు మర్నాడు కొత్తగూడెం పోయి ఆ బొమ్మను పెద్దది చేయించాడు. ల్యాబులో కంప్యూటరు ముందు కూర్చున్నాయన దాన్ని అటూ ఇటూ జరిపి చూశాడు. "కండ్లు కొంచెం మూతబడ్డట్టున్నయే అన్నా. తెరిపియ్యాలా? రెండు నిమిషాల పని," అన్నాడు.

"వద్దు," అన్నాడు ప్రభు. "అట్లనే ఉండనీ."